పైలం బిడ్డా, ఆ పొదల్లో కాపురాలున్నాయి

బిడ్డా,

వచ్చే ఆదివారం కూలీలను పెట్టి మీ తాత చెల్కలో కంప కొట్టిస్తావని మీ నాయన చెప్పాడు. సంతోషమైంది. ఏండ్లకేండ్లు పడావు పడిన భూమి మళ్ళీ సాగులోకి వస్తుందంటే ఈ పెద్దనాయనకు అంతకంటే ఏం కావాలి? నిన్ను ఆపడానికి రాయడం లేదు. జర నిదానించమని చెప్పడానికి రాస్తున్నాను. ఆదివారం పని అయితే శనివారమే ఊరికి రా. కొడవలి ముట్టకుండా, మిషన్ దించకుండా, వట్టి చేతులతో ఒక గంటసేపు ఆ పొదల చుట్టూ తిరిగి చూడు. కంప కొట్టేచోట కందిరీగలు, తేనెటీగలు లేచి మనుషులు ఆగమవుతున్నారంటే చాలా మటుకు ఆ ఒక్క గంట చూడకపోవడం వల్లనే.

మన ఊరి సంగతి నీకు తెలుసు. 2016 అక్టోబర్ 11న మన మెదక్ జిల్లా కేంద్రమైంది. 2022లో అక్కన్నపేట నుంచి రైలు పట్టా ఇక్కడి దాకా వచ్చింది. ఊరి చుట్టూ చెల్కలు ప్లాట్లయ్యాయి. కొన్నవాళ్ళు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటారు. హద్దురాళ్ళు పాతి వెళ్ళిపోతారు. రెండు వానాకాలాలు గడిచేసరికి సర్కారు తుమ్మ, తంగేడు, వయ్యారిభామ, పరికికంప కలిసి మనిషెత్తు లేస్తాయి. మనిషి రాని చోటు, గాలికి అడ్డం, నీడ, పూలు, తినడానికి పురుగు, దగ్గరలో కుంట నీళ్ళు. కుట్టే జీవాలకు ఇంతకు మించిన ఇల్లు దొరకదు. మనం ఖాళీ జాగా అనుకుంటాం. వాటికి అది పిల్లలను పెంచుకునే ఇల్లు. అవి మన మీదికి వెతుక్కుంటూ రావు బిడ్డా, మనమే వాటి ఇంటి మీదికి పోతున్నాం. ఈ సంగతి మనసులో ఉంటే భయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది.

అక్కడ ఎవరెవరు ఉంటారో ముందు తెలుసుకో. పొదలో నీకు మొదట తగిలేది చిన్న తేనెటీగ. సన్నటి కొమ్మను చుట్టి, అరచేయంత తుట్టె ఒక్కటే పెడుతుంది. నెమ్మదైన జీవం. కానీ ఆకుల మధ్య కనబడదు. కొడవలి వేటు పడిన కొమ్మే దాని ఇల్లయితే ఆ అదురుకు గుంపంతా లేస్తుంది. రెండోది పుట్టతేనె పెట్టే ఈగ. చెదపుట్టలో, చెట్టు తొర్రలో, పాతగోడ సందులో లోపలెక్కడో వరుసగా తుట్టెలు పెడుతుంది. బయటికి కనబడేది చిన్న బెజ్జమే. గడ్డపారతో పుట్టను పొడిచేవాడికి అది బెజ్జమని కూడా తోచదు.

మూడోది పెద్ద తేనెటీగ. దీనికి తొర్ర అక్కర్లేదు. బండ కింద, మర్రికొమ్మకు, నీళ్ళ ట్యాంకు కింద, ఎత్తయిన కట్టడాల చూరుకు బహిరంగంగానే తుట్టె వేలాడదీస్తుంది. ఒక్క తుట్టె మీద వేలకు వేల ఈగలుంటాయి. మన ఖిల్లా గుట్ట వంటి బండలు, ఏడుపాయల దగ్గర మంజీర పాయల మధ్య రాళ్ళ వంటి చోట్లు వాటికి అనువైనవి. ఆ తుట్టె మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు అల పారినట్టు ఈగలు ఒక్కసారిగా కదలడం చూస్తావు. తమను వేటాడే పెద్ద కందిరీగ దగ్గరికి వచ్చినప్పుడు అవి అలా తోకలెత్తి బెదిరిస్తాయి. నువ్వు నిలబడ్డప్పుడు ఆ అల లేచిందంటే మెల్లగా వెనక్కి రా. అన్నిటికంటే ఎక్కువ దూరం తరిమేదీ, ఎక్కువ మంది ప్రాణాల మీదికి తెచ్చేదీ ఇదే.

ఇక కందిరీగలు. ఎండిన కట్టెను నమిలి, కాగితం వంటి గూడు చేసుకుంటాయి. సన్నటి కాడతో ఆకు కిందో, రేకు కిందో, సీతాఫలం కొమ్మకో వేలాడుతుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ అనే శాస్త్రవేత్త మన దక్షిణాదిన మామూలుగా కనబడే రోపలీడియా మార్జినేటా అనే కందిరీగను దశాబ్దాలపాటు చదివి, 2001లో దాని మీదే పెద్ద పుస్తకం రాశాడు. ఆ గూట్లో గుడ్లు పెట్టేది ఒక్క రాణి. మిగతా ఆడవి పిల్లలకు తిండి తెస్తాయి, గూడు కడతాయి, కావలి కాస్తాయి. కుట్టేవీ ఆడవే. అవి తెచ్చే తిండి మన పైరు తినే పచ్చపురుగులే. గోధుమ ఒంటికి పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగలు నేల బొరియల్లో, గోడ సందుల్లో ఉంటాయి. గూడు కంటికి కనబడదు, కాలి కింద ఉంటుంది. గడ్డి కోసే మిషన్ పట్టినవాడికి ఎక్కువ ప్రమాదం వీటితోనే.

ఇప్పుడు ఎలా చూడాలో చెబుతాను. శనివారం పొద్దెక్కాక, తొమ్మిది పది గంటల వేళ పో. ఎండ పొడ తగిలితేనే ఈగలు వచ్చిపోతుంటాయి, చూడటానికి అదే వేళ. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని గెట్టు వెంబడి మెల్లగా నడువు. పది అడుగులకోసారి ఆగు. ఒక్క ఈగ పువ్వు మీద వాలితే దాని గురించి ఆలోచించకు. ఈగలు ఒకే దారిన పోయి, ఒకే చోట మాయమై, మళ్ళీ అక్కడి నుంచే వస్తున్నాయా చూడు. అక్కడే ఇల్లు. చెట్టు తొర్రలు, చెదపుట్టలు, ఈత తాటి చెట్ల ఎండుమట్టలు, పాత సిమెంటు రేకులు, పారేసిన టైర్లు, పైపులు, కూలిన కొట్టం గోడలు, అన్నీ దూరం నుంచే చూడు. రాయి విసిరి చూడకు. కట్టెతో పొడిచి చూడకు. ఇల్లు కనబడిన చోటికి ఎడంగా ఒక కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టు. రేపు వచ్చే మనుషులందరికీ ఆ గుడ్డ తెలియాలి.

ఆ గంటలోనే ఇంకొకటి వెతుకు. పాత బాయి. మోటలు కొట్టిన కాలపు బావులు మన చెల్కల్లో ఉన్నాయి. గోడ కూలి, గడ్డి కమ్ముకుని అంచు కనబడదు. ఈగలు తరిమితే మనిషి కండ్లు మూసుకుని ఉరుకుతాడు. ఆ ఉరుకులో బాయిలో పడ్డాడంటే ఈగలు చేయని పని బాయి చేస్తుంది. బాయి చుట్టూ ముందుగానే తాడు కట్టించు. గేటు దాకానో, రోడ్డు మీద ఆపిన బండి దాకానో అడ్డం లేని దారి ఒకటి ఖాయం చేసుకో.

కోత మాత్రం పొద్దుగాల చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టించు. చల్లదనానికి ఈగలు మందంగా ఉంటాయి. అంచు నుంచి లోపలికి కోస్తూ పోవాలి, వెనక దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. లోపలికి దూరి మధ్య నుంచి కోయడం మొదలుపెడితే నాలుగు వైపులా కంపే ఉంటుంది, పారిపోవడానికి తోవ ఉండదు. రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టి నీ వైపు లేపు. అప్పుడు రాయి కిందున్న తేలైనా జెర్రి అయినా అవతలికి పోతుంది. తేలును తేలిగ్గా చూడకు. ఎర్రతేలు కాటు గుండె మీదికి వస్తుందని, ప్రజోసిన్ అనే మందుతో ఎంతోమందిని బతికించవచ్చని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బవాస్కర్ పల్లెరోగుల మధ్యే ఉండి రుజువు చేశాడు. తేలు మంత్రం మీద నమ్మకం ఉన్నవాళ్ళను నొప్పించకు. ఆ మంత్రమేదో ఆసుపత్రికి పోయే బండిలో చదువుకోమను.

పొగ పెట్టకు. నిప్పు అసలే వద్దు. తేనె తీసేవాళ్ళు పొగ పెడతారు కదా అంటావు. వాళ్ళకు ఎంత పొగ, ఏ గాలికి, ఏ వేళకు అన్నది తెలుసు. తెలియనివాడు కంపకు నిప్పంటిస్తే ఆ వేడికి, పొగకు పెద్ద తేనెటీగ లేచి, ఎవరు అంటించారో చూడకుండా దారిన పోయేవాళ్ళ మీద పడుతుంది. బొరియలో కిరోసిన్ పోయడం, పురుగుమందు కొట్టడం కూడా అంతే. సగం చచ్చిన గూడు అసలు గూటికంటే కోపంగా ఉంటుంది.

ఒంటి మీద లేత రంగు మందపాటి బట్టలు వేసుకో, వేయించు. నల్లటి బట్ట, బొచ్చు ఉన్న బట్ట తేనెటీగలను రెచ్చగొడతాయి. నిండు చేతుల అంగీ, ప్యాంటు కాళ్ళు మేజోళ్ళలోకి దోపి బూట్లు, చేతులకు తొడుగులు, మెడ చుట్టూ తువ్వాల. మిషన్ పట్టినవాడికి ముఖం మీద అద్దం ఉన్న హెల్మెట్ తప్పదు. ఆ రోజు సెంటు వద్దు, వాసన నూనె వద్దు, కొప్పులో పూలు వద్దు. మిషన్ చప్పుడులో ఈగల రొద వినబడదు, పక్కవాడి కేక కూడా వినబడదు. అందుకని ఒక మనిషి పని చేయకుండా చూపు పెట్టి నిలబడాలి. అతను తెల్ల తువ్వాల ఊపితే మిషన్ ఆపి, అక్కడే వదిలి, నడిచి వచ్చేయాలి. ఒంటరిగా ఎవరినీ పొదలోకి పంపకు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది కూలీల గురించి. భూమి నీది. పొదలో చేయి పెట్టేది వాళ్ళు. పొద్దున పనిలోకి దిగకముందే అందరినీ కూర్చోబెట్టి ఎర్రగుడ్డలు ఎక్కడున్నాయో చూపించు. లోగడ ఎవరికైనా ఈగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా, ఊపిరాడక ఇబ్బంది అయిందా అని అడుగు. అలాంటివాళ్ళను ఆ పనికి పెట్టకు, కూలి మాత్రం ఇచ్చి వేరే పని చూపించు. ఈగలు లేచి పని ఆగిపోతే కూలి కోయనని ముందే మాటివ్వు. ఈ మాట లేకపోతే ఏమవుతుందో తెలుసా? దినం కూలి పోతుందన్న భయంతో, గూడు కనబడినా చెప్పకుండా పక్కనుంచి కోసుకుపోతారు. ఉపాధి హామీ పనుల దగ్గర తేనెటీగలు దాడి చేశాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అలాంటప్పుడు వయసు మళ్ళినవాళ్ళూ, చీరకట్టులో తొందరగా ఉరకలేని ఆడవాళ్ళూ ఎక్కువ బాధపడతారు. నీ పనిలో అలా జరగకూడదు. పక్క చెల్కలో కట్టేసిన పశువులుంటే ఆ రైతుకు ముందురోజే చెప్పి దూరంగా తోలించు. తలుగుతో కట్టిన ఎద్దు, మేక ఎక్కడికీ పారిపోలేవు, నిలబడ్డచోటే కుట్టించుకుని చచ్చిపోతాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఈగలు లేవవచ్చు. లేస్తే చేతులు విసరొద్దు. తేనెటీగ కుట్టినప్పుడు పండిన అరటిపండు వంటి వాసన ఒకటి వదులుతుంది. ఐసోఅమైల్ ఎసిటేట్ అంటారు, 1962లో శాస్త్రవేత్తలు గుర్తించారు. శత్రువు ఇక్కడున్నాడని మిగతా ఈగలకు అది కబురు. ఒక ఈగను చంపితే ఆ కబురే లేస్తుంది. అందుకే తువ్వాలతో ముక్కు, నోరు, చెవులు కప్పుకుని, దారి కనబడేంత సందు మాత్రం ఉంచుకుని, తిన్నగా ఉరుకు. తలుపులున్న ఇల్లో, అద్దాలెక్కించిన కారో దొరికేదాకా ఆగొద్దు. లోపలికి నీతోపాటు నాలుగు ఈగలు వచ్చినా ఫరవాలేదు, బయటి గుంపు కంటే నయం. కుంటలో దూకొద్దు. ఈగలు నీళ్ళ మీదే తిరుగుతూ తల ఎప్పుడు లేస్తుందా అని ఉంటాయి. పిల్లలు, ముసలివాళ్ళు ఉంటే దుప్పటి కప్పి నడిపించుకు రా.

కుట్టిన తర్వాత మొదటి నిమిషం విలువైనది. తేనెటీగ ముల్లుకు గాలపు మొన వంటి పండ్లుంటాయి. అది చర్మంలో దిగబడి విషసంచితో సహా ఉండిపోతుంది. ఈగ పోయినా సంచి కదులుతూ విషం దింపుతూనే ఉంటుంది, చాలా మటుకు మొదటి 20 సెకన్లలోనే దిగుతుంది. గోటితో గీరాలా, వేళ్ళతో లాగాలా అని వెతుక్కోవద్దు. ఎలా తీసినా ఒకటే, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యమని 1996లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. కందిరీగ ముల్లు వదలదు, అందుకే అది మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి నీళ్ళ గుడ్డో మంచుగడ్డో పెట్టండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. సున్నం పూయొద్దు, తోలు కాలుతుంది.

నొప్పి వేరు, ప్రాణాపాయం వేరు బిడ్డా. అమెరికాలో జస్టిన్ ష్మిట్ అనే కీటక శాస్త్రవేత్త రకరకాల జీవాలతో కుట్టించుకుని, నొప్పికి నాలుగు మెట్లు కట్టాడు. తేనెటీగకు దక్కింది రెండో మెట్టే. అయినా కొందరి ఒంటికి అదే తేనెటీగ కాటు ఒక్కటి చాలు. మొన్న కుట్టినప్పుడు ఏం కాలేదు కదా అని ధీమా పడొద్దు. 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియర్ కుక్కలకు ఒక సముద్రజీవి విషం కొద్దిగా ఎక్కించారు. మొదటిసారి తట్టుకున్న కుక్క కొన్ని వారాల తర్వాత మళ్ళీ కొద్ది మోతాదుకే నిమిషాల్లో చచ్చిపోయింది. మొదటిసారి ఒళ్ళు ఆ విషాన్ని గుర్తుపెట్టుకుంది, రెండోసారి తిరగబడింది. ఆ కనుగొన్నదానికే రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. అంటే, పోయినసారి ఏమీ కానివాడికి ఈసారి కావచ్చు.

గుర్తులు ఇవి: కుట్టినచోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతల ఊపిరి, వాంతులు, కండ్లు తిరగడం. వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు చేయి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టు. లేపి నడిపించకు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండకు వేసే అడ్రినలిన్ సూది. సెటిరిజిన్ గోలీ దురద తగ్గిస్తుంది గానీ ఆ ఆపద ఆపదు. నయమైనట్టు కనబడి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు, అందుకని డాక్టరు ఉండమన్నంతసేపు ఆసుపత్రిలోనే ఉంచు. బీపీకి, గుండెకు గోలీలు వాడే మనిషి అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పు. కొన్ని గోలీల వల్ల ఆ సూది సరిగా పనిచేయకపోవచ్చు.

పదుల కొద్దీ కుడితే ఆ గుర్తులేవీ లేకపోయినా ఆసుపత్రికి తీసుకుపో. అంత విషం కండను, రక్తకణాలను కరిగిస్తుంది. ఆ కరిగింది మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే క్షణం ఆగొద్దు. పిల్లలకైతే తక్కువ కాట్లే చాలు. ఇంకొక్కటి, 108 వాళ్ళు ఎక్కడున్నారని అడుగుతారు. చెల్కకు ఇంటి నంబరు ఉండదు. చర్చి గోపురం ఏ పక్క పడుతుంది, ఖిల్లా ఏ పక్క, మెయిన్ రోడ్డు మీద ఎక్కడ మలగాలి అన్నది శనివారమే కాగితం మీద రాసి, పనిచేసే అందరి దగ్గరా పెట్టు.

మరి కనబడిన గూళ్ళను ఏం చేయాలి? నీ పనికి అడ్డం లేనివాటిని ఉండనీ. గూటి చుట్టూ పొద కొంత వదిలి మిగతాది కోయించు. పెద్ద తేనెటీగ ఎప్పుడూ ఒకచోట ఉండదు, కాలం మారితే గుంపుకు గుంపు లేచి వేరే చోటికి పోతుంది. కొన్నాళ్ళు ఓపిక పడితే తుట్టె దానంతటదే ఖాళీ అవుతుంది. తప్పక తీయాల్సినదైతే తేనెటీగలు పెంచేవాళ్ళకో, తేనె తీయడం వృత్తిగా తెలిసినవాళ్ళకో చెప్పు. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని బండల మీదికి దిగి తేనె తీస్తారు. తేనె ఉన్న భాగం మటుకే కోసి, పిల్లలున్న తుట్టె వదిలితే మళ్ళీ ఏటికి తేనె ఉంటుందన్నది ఆ పనిలో నేర్చుకోవాల్సిన పాఠం. రేపు నువ్వు ఆ చెల్కలో నువ్వులో పొద్దుతిరుగుడో వేస్తే ఆ ఈగలే నీకు గింజ కట్టిస్తాయి. కందిరీగలు పచ్చపురుగును ఏరి నీకు ఒక మందు ఖర్చు తగ్గిస్తాయి.

వానాకాలం పోయాక బతుకమ్మకు పిల్లలు ఆ చెల్కకే గునుగు పూలకు, తంగేడు పూలకు వస్తారు. అప్పుడే సీతాఫలాలు పండుతాయి, పొదల్లో గూళ్ళు నిండుగా ఉండే రోజులవే. నువ్వు ఇప్పుడు వేయించే కాలిబాట అప్పుడు వాళ్ళకు పనికొస్తుంది. గెట్టు వెంబడి రెండు మూరల వెడల్పున శుభ్రంగా ఉంచు, గూళ్ళున్న వైపు కంప అడ్డం పెట్టు, ఆ పిల్లలకు నువ్వే చెప్పు.

శనివారం పొద్దున రా. నేను కూడా నీతో వస్తాను, ఇద్దరం చూస్తే రెండు గూళ్ళు ఎక్కువ కనబడతాయి. ఆదివారం పొద్దున పనికి వచ్చినవాళ్ళందరూ సాయంత్రం వచ్చినట్టే ఇంటికి చేరాలి. అది నీ బాధ్యత. సగం చెల్కే బాగైనా ఫరవాలేదు, మిగతా సగం ఎక్కడికీ పోదు. పైలం బిడ్డా.

నీ పెద్దనాయన